ఎదురుకాళ్ళ బిడ్డ: నిర్ణయం ఎవరి చేతిలో?

1

మన కథల్లో పురుడు వసారాలో జరుగుతుంది. లోపల ఆడవాళ్ళ హడావిడి, మూసిన తలుపు. బయట పచార్లు చేసే తండ్రి, చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తియ్యని తాత. కాసేపటికి ఒక ఏడుపు వినిపిస్తుంది, లేదా వినిపించదు. వినిపిస్తే కథ ముందుకు సాగుతుంది. వినిపించకపోతే కథకుడికి ఒక సవతితల్లి దొరుకుతుంది. ఆ తలుపు వెనక ఏం జరిగిందో, ఏ చెయ్యి ఏం చేసిందో, రెండు దార్లు ఎదురైనప్పుడు ఏ దారిని ఎవరు ఎంచుకున్నారో మనం రాయలేదు. రాసేవాళ్ళలో ఎక్కువమంది వసారా మనుషులు కావడం దీనికి ఒక కారణం. నేనూ వసారా మనిషినే. అరవై ఏళ్ళు అక్కడే నిలబడ్డాను.

2022లో మా మేనకోడలి విషయంలో ఆ తలుపు నాకోసం కొద్దిగా తెరుచుకుంది. ఆమె నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తుంది. నేను కూడా నా ఉద్యోగ జీవితం ఆ వాడలోనే గడిపాను గనుక మా ఇళ్ళు ఒక ఫర్లాంగు దూరంలో ఉన్నాయి. ఆమె జీతం అప్పటి ఇ.ఎస్.ఐ. పరిమితిని, అంటే 2017 నుంచి అమలైన నెలకు 21,000 రూపాయలను కొంచెం దాటింది. అందువల్ల నాచారంలోనే ఉన్న ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఆమెది కాకుండా పోయింది. కార్మికురాలు అనిపించుకోవడానికి జీతం ఎక్కువై, ఖర్చు భరించడానికి తక్కువైన పెద్ద వర్గం ఒకటి మన పట్టణాల్లో తయారయింది. వాళ్ళంతా వెళ్ళేచోటికే ఆమె కూడా వెళ్ళింది. అది ఉప్పల్ దగ్గర ఒక ప్రైవేటు నర్సింగ్ హోం.

ముప్ఫై ఆరో వారంలో స్కానింగు తీశారు. బిడ్డ తల పైన, పిర్రలు కింద. కాళ్ళు రెండూ చాపి, పాదాలు మొహం దగ్గర పెట్టుకొని కూర్చుంది. డాక్టరుగారు మూడు మాటలు చెప్పారు. బిడ్డ ఎదురుగా ఉంది, ఆపరేషన్ తప్పదు, మంచిరోజు చూసుకొని రండి. ఆ తర్వాత ఒక కాగితం తీసి, "మీవారిని సంతకం పెట్టమనండి" అన్నారు. మొత్తం మూడు నిమిషాలు పట్టింది.

ఆ సాయంత్రం మేనకోడలు మా ఇంటికొచ్చి కూర్చుంది. "మామయ్యా, ఆపరేషనంటే నాకు భయం లేదు. కానీ నా కడుపు గురించి నన్నేమీ అడగలేదేం?" అంది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే నేను చాలా దూరం వెనక్కి వెళ్ళవలసి వచ్చింది. ఈ వ్యాసం ఆ వెతుకులాటే.

2

ముందుగా మా ఇంటి చరిత్ర. మాది భువనగిరి తాలూకాలో ఒక పల్లె. 1958లో మా చెల్లె పుట్టింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ చెల్లే ఇప్పుడీ మేనకోడలి తల్లి. ఆమె ఎదురుకాళ్ళతో పుట్టింది.

పురుడు పోసింది మా ఊరి మంత్రసాని. ఆమెకొక పేరుండే ఉంటుంది. ఊళ్ళో ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. మంగలివాళ్ళ అవ్వ. పురుడు పోసేటప్పుడు ఆమె చెయ్యి అందరికీ కావాలి. పురుడు వెళ్ళాక ఆమె ముట్టుకున్న చెంబు ఎవరికీ అక్కర్లేదు. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అనే సామెతను మనం నవ్వుతూ వాడుతుంటాం. ఆ సామెతలో ఒక కులవృత్తి బతుకంతా ఉంది. ఒప్పుకోకుండా ఉండే స్వేచ్ఛ ఆమెకు లేదు. ఏదొచ్చినా అన్నదాంట్లో కాళ్ళు ముందుగా రావడం కూడా ఉంది.

ఆ రాత్రి సంగతి మా అమ్మ తన చివరి రోజుల్లో నాకు చెప్పింది. బిడ్డ పిర్రలు కనిపించగానే గదిలో ఉన్న ఆడవాళ్ళు గోల పెట్టారట. అవ్వ అందర్నీ వెనక్కి నెట్టి, "ఎవరూ లాగొద్దు. దాని దారిన అది వస్తది. మనం గుంజితే చేతులు మీదికి లేపుతది, తల ఎత్తుతది" అని, అమ్మను గొంతుకూర్చోబెట్టి, నులక మంచం కోడు పట్టుకోమని చెప్పి, తను చేతులు ఒళ్ళో పెట్టుకొని చూస్తూ కూర్చుందట. బిడ్డ బొడ్డుదాకా వచ్చేవరకూ ముట్టుకోలేదట. చివర్లో తల దగ్గర మాత్రం ఒక వేలు బిడ్డ నోటి దగ్గర ఆనించి గడ్డాన్ని కిందికి వంచిందట.

చెల్లె బతికింది. అంతేకాదు, ఊరికి వైద్యురాలైంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే నడుం పట్టు వదులుతుందని మన పల్లెల్లో నమ్మకం. నడుం పట్టేసినవాళ్ళు మా గడప దగ్గర బోర్లా పడుకుంటే, ఐదేళ్ళ చెల్లె పాదంతో తాకేది. ఒక ప్రమాదాన్ని దాటి వచ్చిన బిడ్డకు ఊరు ఆ విధంగా ఒక శక్తిని ఆపాదించింది. దాటించిన చేతికి మాత్రం ఏ శక్తినీ ఆపాదించలేదు. అవ్వకు దక్కింది ఒక చీర, సోలెడు బియ్యం.

ఇక్కడితో ఆపితే ఇది ఒక అందమైన కథ అయి ఉండేది. అందమైన కథలు చరిత్రకు పనికిరావు. నాలుగేళ్ళ తర్వాత, 1962లో, మా చిన్నమ్మకు నెలలు నిండకుండా నొప్పులొచ్చాయి. అదే అవ్వ, అదే గది. ఈసారి ముందుగా ఒక పాదం వచ్చింది. దారి పూర్తిగా తెరుచుకోకముందే చిన్న శరీరం జారింది, తల మాత్రం లోపల చిక్కుకుంది. వసారాలో ఉన్న నాకు, లాగు లాగు అని అరిచిన గొంతు ఇంకా గుర్తుంది. ఆ గొంతు చిన్నమ్మ అత్తగారిది. అవ్వ వద్దంటూనే లాగిందని అమ్మ చెప్పింది. బిడ్డ దక్కలేదు. లాగకపోతే దక్కేదా? చెప్పలేం. నెలలు నిండని బిడ్డ, పాదం ముందుగా రావడం, పదిమైళ్ళ లోపల ఆసుపత్రి లేకపోవడం: వీటిలో ఏ ఒక్కటి చాలు. అయితే ఆ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి మాట చెల్లలేదన్నది, కడుపుతో ఉన్న మనిషిని ఎవరూ ఏమీ అడగలేదన్నది నిజం.

మంత్రసానిని అజ్ఞానానికి ప్రతీకగా చూపించేవారు ఉన్నారు. ప్రకృతి వైద్యానికి దేవతగా నిలబెట్టేవారు ఇటీవల పెరిగారు. ఇద్దరూ ఆమెను మనిషిగా చూడడం లేదు. ఆమెకు నైపుణ్యం ఉంది, దానికి హద్దులూ ఉన్నాయి. నైపుణ్యం అనుభవం నుంచి వచ్చింది. హద్దులు ఎక్కువగా సమాజం నుంచి వచ్చాయి.

3

ఈ సమస్య మనిషితో పాటు పుట్టింది. సుశ్రుత సంహిత నిదానస్థానంలో మూఢగర్భం అని ఒక అధ్యాయం ఉంది. బిడ్డ అడ్డం పడితే పరిఘ అన్నారు, అంటే తలుపుకు వేసే అడ్డగడియ. చికిత్సాస్థానంలో ఉపాయాలు చెప్పారు. ఒక తొడ ముందుగా వస్తే రెండో తొడను చాపి తియ్యాలి. పిర్రలు ముందుగా వస్తే వాటిని పైకి జరిపి, కాళ్ళు చాపి తియ్యాలి. బతికి ఉన్న బిడ్డను ఎట్టి పరిస్థితిలోనూ కత్తితో కొయ్యకూడదు. ఇది గ్రంథం చూసి చెప్పిన మాట కాదు, చేత్తో తడిమి చూసినవాళ్ళు చెప్పిన మాట.

అదే అధ్యాయంలో ఇంకొక మాట ఉంది. ఇంతకంటే కష్టమైన పని వైద్యంలో లేదు గనుక అధిపతి అనుమతి తీసుకొని మొదలుపెట్టాలి అన్నారు. అధిపతి అంటే రాజు అని కొందరు, యజమాని అని కొందరు వివరిస్తారు. ఎలా చూసినా ఆ మాటకు అర్థం మంచం మీదున్న స్త్రీ కాదు. ఉప్పల్ నర్సింగ్ హోంలో మా అల్లుడి ముందు పెట్టిన కాగితానికి వయసు ఎంతో ఇప్పుడు అర్థమవుతుంది.

యూరపులోనూ ఈ విద్య చేతినుంచి చేతికే నడిచింది. ఫ్రెంచి వైద్యుడు మోరిసో 1668లో అచ్చువేసిన ప్రసూతి గ్రంథంలో, చివరగా వచ్చే తలను బిడ్డ నోట్లో వేలుంచి వంచి తీసే పద్ధతిని వివరించాడు. ఇప్పటికీ ఆ పద్ధతికి ఆయన పేరుంది. నార్వే వైద్యుడు లోవ్‌సెట్ 1937లో పైకి లేచిన చేతులను శరీరం తిప్పి విడిపించే విధానం ప్రచురించాడు. అదే దశకంలో జర్మనీలో బ్రాహ్ట్ అనే ఆయన, వీలైనంతవరకు లాగకుండా బిడ్డను తనంతట తాను రానిచ్చే పద్ధతిని బోధించాడు. అక్షరం ముక్క రాని మా మంగలి అవ్వ ఒళ్ళో చేతులు పెట్టుకొని కూర్చోవడంలో ఉన్నది కూడా ఇదే జ్ఞానం. తేడా ఒక్కటే. వాళ్ళ పద్ధతులకు వాళ్ళ పేర్లున్నాయి. అవ్వకు పేరే లేదు.

ఇంగ్లీషు ప్రభుత్వం మన పురిటిగదిలోకి అడుగుపెట్టినప్పుడు ముందుగా చేసిన పని మంత్రసానిని నేరస్థురాలిగా నిలబెట్టడం. 1885లో లేడీ డఫరిన్ పేరుతో ఏర్పడ్డ నిధి లేడీ డాక్టర్లను, జనానా ఆసుపత్రులను తెచ్చింది. 1903లో లేడీ కర్జన్ మొదలుపెట్టిన విక్టోరియా స్మారక నిధి మంత్రసానులకు శిక్షణ ఇవ్వబోయింది. శుభ్రత నేర్పారు, అది అవసరమే. మురికి చేతుల వల్ల, తుప్పు కత్తుల వల్ల లెక్కలేనంతమంది తల్లులూ బిడ్డలూ పోయారన్నది కాదనలేం. కానీ ఆ చేతుల దగ్గర నేర్చుకోవలసింది కూడా ఏమైనా ఉందేమోనని అడిగినవాళ్ళు తక్కువ.

హైదరాబాదు రాజ్యంలో ఆసుపత్రి చాలాకాలం నగరపు సొత్తు. నీలోఫర్ ఆసుపత్రి కథ అందరికీ తెలిసిందే. యువరాణి నీలోఫర్ దగ్గర పనిచేసే రఫతున్నీసా అనే పరిచారిక కాన్పులో చనిపోవడం యువరాణిని కదిలించిందనీ, 1953లో తెరిచిన ఆ ఆసుపత్రి దాని ఫలితమేననీ చెబుతారు. ఒక పనిమనిషి చావు ఒక ఆసుపత్రిగా మారాలంటే ఆమె రాజప్రాసాదంలో పనిచేసి ఉండాలి. భువనగిరి తాలూకాలో 1962లో పోయిన బిడ్డకు ఏ ఆసుపత్రీ లేవలేదు.

ఆ తర్వాతి కాలం గురించి న్యాయంగా మాట్లాడాలి. 2005లో ఆసుపత్రి కాన్పులను ప్రోత్సహిస్తూ జననీ సురక్ష యోజన వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో 108 అంబులెన్సు మొదలైంది. 2004–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు చనిపోతే, 2018–20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఈ అంకెల వెనక బతికి ఇంటికొచ్చిన తల్లులున్నారు. పాతకాలమే మేలు అనేవాళ్ళు ముందు ఈ అంకెలకు జవాబు చెప్పాలి.

4

అయితే అదే సర్వేలో ఇంకొక అంకె ఉంది. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లు. దేశం మొత్తానికి 21.5. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రులను విడిగా చూస్తే 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన దాని ప్రకారం, ఒక జనాభాలో ఆపరేషన్లు నూటికి పది దాటాక, వాటి పెరుగుదల వల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు కనిపించదు.

ఈ అంకెను ఎదురుకాళ్ళ బిడ్డల మీదికి నెట్టడం కుదరదు. ఇరవై ఎనిమిదో వారంలో నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరు తల పైకి పెట్టుకొని ఉంటారు. చాలామంది తర్వాత తమంతట తామే తిరుగుతారు. నెలలు నిండేసరికి మిగిలేది నూటికి ముగ్గురు, నలుగురు. వాళ్ళందరికీ కత్తి పెట్టినా నూటికి నాలుగుకు మించదు. మిగతా ఆపరేషన్లకు కారణాలు వేరే ఉన్నాయి. ప్యాకేజీలున్నాయి, డాక్టరు తీరికా రాత్రిపూట సిబ్బంది కొరతా ఉన్నాయి, కోర్టుల భయం ఉంది, ముహూర్తం పెట్టించుకొని వచ్చే కుటుంబాలున్నాయి, నొప్పుల గదిలో ఒంటరిగా పడి ఉండి తిట్లు తినడంకంటే కోత నయమనుకునే తల్లులున్నారు. అన్నీ డాక్టర్ల దురాశ అని తేల్చెయ్యడం సులువు. కానీ సులువైన మాట సగం నిజమే అవుతుంది.

ఎదురుకాళ్ళ బిడ్డ విషయంలో మాత్రం కత్తికి బలమైన వాదం ఉంది. దాని తేదీ 2000. కెనడాకు చెందిన మేరీ హన్నా నాయకత్వంలో 26 దేశాల్లోని 121 ఆసుపత్రుల్లో 2,088 మంది స్త్రీల మీద జరిగిన పరిశోధనను ఆ సంవత్సరం లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ముందుగా నిర్ణయించి ఆపరేషన్ చేసినవాళ్ళలో బిడ్డ చావు లేదా తీవ్రమైన హాని నూటికి 1.6, మామూలు కాన్పుకు ప్రయత్నించినవాళ్ళలో నూటికి 5. ప్రపంచమంతా ఒక్కసారిగా కత్తి వైపు తిరిగింది. నెదర్లాండ్స్‌లో ఎదురుకాళ్ళ బిడ్డలకు ఆపరేషన్లు రెండు నెలల్లో నూటికి 50 నుంచి 80కి పెరిగాయి. అక్కడ ఆ బిడ్డల మరణాలు నిజంగానే తగ్గాయి. అదే దేశంలో 2000–2002 మధ్య, కేవలం ఈ కారణంతో ముందుగా నిర్ణయించి చేసిన ఆపరేషన్ల తర్వాత నలుగురు తల్లులు చనిపోయారు. రెండు వాక్యాలూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్ళను నమ్మకూడదు.

తర్వాత కథ మళ్ళీ తిరిగింది. 2004లో అదే పరిశోధకులు 923 మంది పిల్లలను రెండేళ్ళ వయసులో పరీక్షిస్తే, మరణాలూ ఎదుగుదల లోపాలూ కలిపి చూసినప్పుడు రెండు పక్షాల మధ్య తేడా కనిపించలేదు. 2006లో ఫ్రాన్స్, బెల్జియం దేశాల్లో 8,105 మందిని పరిశీలించారు. తల్లులను జాగ్రత్తగా ఎంచి, అనుభవజ్ఞులు పురుడు పోసినచోట, నూటికి 1.6, 1.45, చెప్పుకోదగ్గ తేడా లేదు. 2017లో బ్రిటన్ ప్రసూతి వైద్యుల కళాశాల మొత్తం విషయాన్ని ఇలా లెక్కకట్టింది: వెయ్యి మంది బిడ్డల్లో, ముప్ఫై తొమ్మిది వారాల తర్వాత నిర్ణయించిన ఆపరేషన్‌లో పోయేది సుమారు 0.5, ఎదురుకాళ్ళ బిడ్డను మామూలుగా కంటే సుమారు 2, తల కిందికి ఉన్న బిడ్డను మామూలుగా కంటే సుమారు 1.

అంటే ఆపరేషన్ బిడ్డకు ఇవాళ కొంత భద్రత ఇస్తుంది. దానికి వెల రేపు చెల్లించాలి, చెల్లించేది తల్లి. కోసిన గర్భసంచి మీద మచ్చ ఉంటుంది. తర్వాతి కాన్పులో మామూలు నొప్పులకు ప్రయత్నిస్తే రెండు వందల మందిలో ఒకరికి ఆ మచ్చ విడిపోవచ్చు. ఆపరేషన్లు పెరిగేకొద్దీ మాయ ఆ మచ్చలో పాతుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. ఒక్క బిడ్డతో ఆపేవాళ్ళకు ఇది చిన్న వెల. ముగ్గురిని కనాలనుకునేవాళ్ళకు, దగ్గర్లో రక్తం దొరకని ఊళ్ళో ఉండేవాళ్ళకు ఇది పెద్ద వెల. ఇక్కడ లెక్క డాక్టరు చెప్పగలరు. ఆ లెక్కకు అర్థం చెప్పగలిగింది ఆ స్త్రీ ఒక్కతే.

కానీ 2000 తర్వాత జరిగిన అసలు మార్పు అంకెల్లో కనపడదు. ఎదురుకాళ్ళ బిడ్డలందరూ ఆపరేషన్ గదికి వెళ్ళడంతో, చేత్తో పురుడు పొయ్యడం నేర్చుకోవలసిన యువ డాక్టర్లకు నేర్చుకునే అవకాశం పోయింది. ఉప్పల్ డాక్టరుగారిని నేను తర్వాత ఒకసారి కలిశాను. ఆమె చెడ్డ మనిషి కాదు. "నేను చదువుకున్న రోజుల్లో ఇద్దరిని చూశాను, ఒక్కరికి చేశాను. అదీ అర్ధరాత్రి, కాళ్ళు బయటికొచ్చాక తీసుకొస్తే. రాని పనిని వచ్చినట్టు ఎలా చెప్పను?" అన్నారు. ఆ నిజాయితీకి నేను తల వంచాను. అయితే రోగికి చెప్పింది ఇది కాదు గదా! తప్పదు అన్నారు, నాకు చేతకాదు అనలేదు. వ్యవస్థ పోగొట్టుకున్న నైపుణ్యం రోగి దగ్గరికి వచ్చేసరికి ప్రకృతి నియమంలా మాట్లాడుతుంది.

ఒక వృత్తిజ్ఞానం యంత్రానికి తరలిపోయినప్పుడు ఏం జరుగుతుందో నేతపనివాళ్ళ చరిత్రలో చూశాం. ఆ నైపుణ్యం మాయమవుతుంది. తర్వాత అది ఎన్నడూ లేనట్టు చెప్పుకుంటాం. మరికొన్నేళ్ళకు దాన్ని కొత్త పేరుతో తెచ్చుకుంటాం. 1948లో బొగ్గులకుంటలో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో మిడ్‌వైఫ్‌లకు వృత్తి శిక్షణ ప్రారంభించింది. 2017లో ఆ సంస్థ, యూనిసెఫ్ సహకారంతో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో నర్సులకు ఆ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి సంవత్సరం కేంద్రప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇవి మంచి పనులు. మంత్రసానిని పంపేసిన తలుపులోంచే మిడ్‌వైఫ్ లోపలికి వచ్చింది. ఈసారి ఆమెకు జీతం, చదువు, పేరు ఉన్నాయి.

5

మా మేనకోడలు రెండో అభిప్రాయం కోసం నగరంలో ఇంకొక ఆసుపత్రికి వెళ్ళింది. నేను వెంట వెళ్ళాను. అక్కడ ఒక పెద్ద డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకొని, కాగితం మీద మూడు దార్లు గీశారు.

మొదటిది, బిడ్డను పైనుంచి చేతులతో తిప్పడం. ముప్ఫై ఏడో వారం ప్రాంతంలో, గర్భసంచి వదులయ్యే మందు ఇచ్చి, స్కానింగులో చూస్తూ, బిడ్డ గుండె వింటూ, పొట్టమీద చేతులతో నెమ్మదిగా పల్టీ కొట్టిస్తారు. ఇది కొత్త విద్యేమీ కాదు. జర్మన్ వైద్యుడు వీగాంట్ 1807లోనే దీన్ని గురించి రాశాడు. సగం మందిలో ఫలిస్తుంది. తొలిచూలు అయితే నూటికి నలభై. రెండు వందల మందిలో ఒకరికి అప్పటికప్పుడు ఆపరేషన్ అవసరం కావచ్చు గనుక ఆపరేషన్ గది పక్కనే చెయ్యాలి. రెండో దారి మామూలు కాన్పు. బిడ్డ పిర్రలమీద కూర్చుని ఉంది, బరువు మధ్యస్థం, తల వెనక్కి వాలలేదు, కాబట్టి ప్రయత్నించవచ్చు. మూడోది ముప్ఫై తొమ్మిదో వారంలో ఆపరేషన్.

మొదటి దారి ఉందనే మాట ఉప్పల్‌లో ఎవరూ ఎత్తలేదు. ఆమె అదే ఎంచుకుంది. నేను మళ్ళీ వసారాలోనే నిలబడ్డాను. ఈసారి వసారాకు ఏసీ ఉంది. బిడ్డ పావువంతు తిరిగి, ఆగి, మళ్ళీ తన చోటుకే వెళ్ళిందట. రెండోసారి కూడా అంతే. "చాలు. దానికిష్టం లేదు" అన్నారట డాక్టరు.

ఆ వారమంతా మా ఇంట్లో ఒక సభ జరిగినట్టే ఉంది. మా చెల్లె, ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి, మామూలు కాన్పు వైపు. "నేను బతకలే?" అనేది. అల్లుడు ఆపరేషన్ వైపు. వియ్యపురాలు దశమి మంచిదంది. నేను చదివిన పుస్తకాలన్నీ రెండో దారి వైపు నన్ను లాగాయి. నశించిపోతున్న ఒక విద్య మా ఇంట్లో గెలవాలని నాకు లోలోపల కోరిక ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి. వేరొకరి శరీరంలో మన సిద్ధాంతం గెలవాలని కోరుకోవడం మేధావికి సులువు. లాగు లాగు అన్న ఆ అత్తగారికీ నాకూ ఆ వారంలో ఎంత దూరం ఉందో నేను కచ్చితంగా చెప్పలేను.

మేనకోడలు డాక్టరును ఒకే ఒక ప్రశ్న అడిగింది: "నొప్పులు ఏ వేళ వస్తాయో తెలియదు గదా. ఆ రాత్రి మీరు ఉంటారా?" డాక్టరు కాసేపు ఆగి, "నేనుంటే నేను వస్తాను. ఈ పని తెలిసినవాళ్ళం ఇక్కడ ఇద్దరమే. ఇద్దరం లేని రాత్రులు ఉంటాయి" అన్నారు.

"అయితే నాకు ఆపరేషనే చెయ్యండి" అంది ఆమె.

6

ఈ ముగింపు చూసి, తిరిగి తిరిగి చేరింది మొదటి చోటికే గదా అని ఎవరైనా అనవచ్చు. కత్తి అదే, గర్భసంచి మీద మచ్చ అదే. తేడా ఏమిటి?

తేడా ఉంది. మొదటి రోజు ఆమె ఒక ఆజ్ఞ విన్నది. మూడు వారాల తర్వాత ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. తన రెండో కాన్పులో ఏ ప్రమాదం ఎదురుకావచ్చో, అప్పుడు ఏమడగాలో ఆమెకు తెలుసు. మన దేశంలో ఈ హక్కు పుస్తకాల్లో లేనిదేమీ కాదు. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు, స్పృహలో ఉన్న వయోజనురాలి తరఫున ఆమె తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని, రోగికి విషయం వివరించి ఆమె అంగీకారమే తీసుకోవాలని చెప్పింది. సుశ్రుతుడి అధిపతి చట్టం దృష్టిలో దిగిపోయాడు. నర్సింగ్ హోం కాగితం మీద మాత్రం ఇంకా కుర్చీ ఖాళీ చెయ్యలేదు.

అయితే స్వేచ్ఛ సంతకంతోనే పూర్తికాదన్నది ఆమె ప్రశ్న నాకు నేర్పిన రెండో సంగతి. కాగితం మీద మూడు దార్లున్నా, రెండో దారి ఇద్దరు మనుషుల డ్యూటీ వేళల మీద ఆధారపడి ఉంది. ఒక సమాజం ఏ నైపుణ్యాన్ని పోషిస్తే ఆ దారి ఉంటుంది, ఏది వదిలేస్తే ఆ దారి మూసుకుపోతుంది. వ్యక్తి ఎంపిక అని మనం పిలిచేది చాలావరకు అంతకుముందే ఎంపికైపోయి ఉంటుంది. మంగలి అవ్వకు ఆసుపత్రి లేదు; ఆసుపత్రికి అవ్వ చెయ్యి లేదు. ఆ రెండూ ఒకే గదిలో, పగలూ రాత్రీ, ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ దొరికిన రోజున ఒక స్త్రీ నాకిది కావాలి అంటే ఆ మాటకు నిండు అర్థం వస్తుంది.

రాసేవాళ్ళకు ఒక విన్నపం. కథ అడ్డం తిరిగింది అంటాం, బిడ్డ అడ్డం తిరిగింది అనే మాట పక్కనే ఉందని మరిచిపోయి. కార్మికుడి సమ్మెలో, రైతు పొలంలో ఎవరు ఎందుకు ఏ నిర్ణయం తీసుకున్నారో పట్టి పట్టి రాశాం. 1986లో స్త్రీశక్తి సంఘటన మనకు తెలియని మన చరిత్ర అనే పుస్తకం తెచ్చాక గాని, తెలంగాణా పోరాటంలో ఉన్న స్త్రీలకు అడవిలో కాన్పులు కూడా జరిగాయని మనలో చాలామందికి తట్టలేదు. పురిటిగది కూడా చరిత్ర జరిగే చోటే. అక్కడా అధికారం ఉంది, జ్ఞానం ఉంది, కులం ఉంది, జీతం ఉంది, భయం ఉంది. తలుపు తట్టి లోపలివాళ్ళను అడిగి రాయడం మన పని.

ఆపరేషన్ రోజున నర్సు అంగీకార పత్రం తెచ్చి అలవాటు ప్రకారం అల్లుడి చేతికిచ్చింది. మేనకోడలు చెయ్యి చాపి అది తీసుకొంది, రెండు పేజీలూ చదివింది, నా జేబులోంచి పెన్ను అడిగి సంతకం చేసింది. సాక్షి అన్నచోట అల్లుడు పెట్టాడు. అరగంటకు ఏడుపు వినిపించింది. ఆడపిల్ల.

వారం తర్వాత పక్కింటావిడ నడుం పట్టుకొని వచ్చింది. కోసి తీసిన బిడ్డకు ఆ శక్తి ఉంటుందా అని ఆమెకొక సందేహం. మా చెల్లె మనవరాలి పాదం పట్టుకొని చూసి, "దాని కాళ్ళు దానికి నడవడానికి" అంది.